చొల్లంగి అమావాస్య నాడు కాలిఫోర్నియాలో

జనవరి 20, 2023, శుక్రవారం. ఫ్రీమాంట్

సాయంత్రం ఆరు కాకుండానే ఫోను మోగింది. కాకినాడ నుంచి మా అన్నయ్య కొడుకు. తెర మీద వాడి మొహం కన్నా ముందు జనం కనిపించారు. "బాబాయ్, చొల్లంగిలో ఉన్నాం. నువ్వు లేవని పిన్నిని తిట్టుకుంటున్నాం" అంటూ ఫోను అటు తిప్పాడు. అక్కడ శనివారం తెల్లారింది. పుష్య బహుళ అమావాస్య. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకున్న ఆడవాళ్ళు, పిల్లల్ని భుజాలకెక్కించుకున్న మగవాళ్ళు, మొలలోతు నీళ్ళలో మూడేసి మునకలు. గోదావరి ఏడు పాయల్లో తుల్యభాగ సముద్రంలో కలిసే చోటు అదని, సప్తసాగర యాత్ర అక్కడ మొదలుపెట్టి భీష్మ ఏకాదశికి అంతర్వేది చేరాలని మా నాయనమ్మ చెప్పేది. బుద్ధెరిగాక ఆ స్నానం తప్పిన ఏళ్ళు నాకు వేళ్ళ మీద లెక్కే. ఈసారి కూతురింట్లో హీటరు పక్కన కూర్చుని, మఫ్లరు చుట్టుకుని, ఫోన్లో చూసి దణ్ణం పెట్టుకున్నాను.

ఫోను పెట్టేశాక మా అల్లుడు ఫ్రిజ్జు మీద అయస్కాంతంతో అంటించిన కాగితం చూపించాడు. "మావయ్యగారూ, రేపూ ఎల్లుండీ ఇక్కడ కింగ్ టైడ్స్. మీకు పోర్టు అలవాటేగా. ఫోటోలు తియ్యడానికి వస్తారా?"

నేను కాకినాడ పోర్టులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగిరీ చేశాను. పోటు వేళలు, పాటు వేళలు రాసిన పట్టిక నా బల్ల అద్దం కింద ఎప్పుడూ ఉండేది. కానీ పోటుకి ఫోటోలు తియ్యడమేమిటో అర్థం కాలేదు. అల్లుడు చెప్పిన దాని సారం ఇది. ఏడాదిలో అన్నిటికన్నా పెద్ద పోట్లు వచ్చే రోజుల్లో తీరం పొడుగునా మామూలు జనం తమ ఊళ్ళో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఫోటో తీసి పంపుతారు. ఆస్ట్రేలియాలో మొదలైన పద్ధతి. కాలిఫోర్నియాలో దీన్ని ఆ రాష్ట్రపు కోస్టల్ కమిషన్ నడుపుతోంది. ఈ శీతకాలానికి డిసెంబరు 23, 24 ఒక జత, జనవరి 21, 22 ఇంకో జత అని ముందే ప్రకటించారు. కింగ్ టైడ్ అన్నది శాస్త్రం పెట్టిన పేరు కాదు, జనం పెట్టుకున్నది. మా జాలర్లయితే అమావాస్య పోటు, పున్నమి పోటు అని ఊరుకుంటారు. రాజుల గొడవ లేదు.

పంచాంగంలో అమావాస్య. అల్లుడి ఫోన్లో ఇంకో సంగతి. రేపు అమావాస్య ఘడియలోనే చంద్రుడు భూమికి బాగా దగ్గరికి, 3,56,500 కిలోమీటర్ల చిల్లర దూరానికి వస్తున్నాడట. అమావాస్య నాడు ఇంత దగ్గరికి రావడం 1030వ సంవత్సరం తరవాత ఇదేనట. సూర్యుడికి భూమి దగ్గరగా ఉండేదీ జనవరి మొదట్లోనే. సూర్యచంద్రులిద్దరూ ఒకే వైపు నుంచి, అదీ దగ్గరి నుంచి లాగితే సముద్రం ఊరుకుంటుందా?

ఇక్కడి పోట్లకి ఇంకో చిత్రం ఉంది. మా కాకినాడలో రోజుకి రెండు పోట్లు, రెండూ ఇంచుమించు ఒకే ఎత్తు. ఇక్కడ రెండొస్తాయి గాని ఒకటి అన్న, ఒకటి తమ్ముడు. చలికాలంలో అన్నగారు పగటిపూట వస్తాడు, ఎండాకాలంలో రాత్రిపూట. అందుకే ఫోటోల పండగ చలికాలంలో పెట్టుకున్నారు.

ఏడో తరగతి చదివే మనవరాలు చిన్ని నియమాలు చదివి వినిపించింది. నీళ్ళ పక్కన గోడో, మెట్లో, స్తంభమో, ఊళ్ళోవాళ్ళు గుర్తుపట్టేది ఏదైనా ఉండాలి. ఫోన్లో లొకేషన్ ఆన్‌లో ఉండాలి. సముద్రానికి వీపు పెట్టి నిలబడకూడదు. వీలైతే మామూలు రోజున అదే చోటుకి మళ్ళీ వెళ్ళి అదే ఫోటో తియ్యాలి.

"నాకు ఫోటోలు తియ్యడం నేర్పుతున్నావా?" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

జనవరి 21, శనివారం. శాన్‌ఫ్రాన్సిస్కో

మా ఆవిడ తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపింది. ఆవిడ రాలేదు. "అమావాస్య పూట సముద్రం ఒడ్డుకి వెళ్ళి తలమీద నాలుగు చుక్కలు చల్లుకోండి, ఫోటోల ధ్యాసలో పడి మర్చిపోకండి" అని మాత్రం చెప్పింది. నేనూ, అల్లుడూ, చిన్నీ బార్ట్ రైలెక్కాం. పట్టాలకి అటూ ఇటూ మొన్నటి వానల తడి ఇంకా ఉంది. డిసెంబరు ఆఖరు నుంచి సంక్రాంతి దాకా కాలిఫోర్నియా మీద తుపాను మీద తుపాను, వరసగా తొమ్మిది పడ్డాయి. ఇక్కడివాళ్ళు వాటిని ఆకాశనదులంటున్నారు. ఈవేళ మాత్రం ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది.

ఎంబార్కడెరో స్టేషన్లో దిగి పైకొస్తే ఎదురుగా ఫెర్రీ బిల్డింగు గడియారం. దానికి కుడివైపు కాస్త నడిస్తే పియర్ 14, అంటే సముద్రంలోకి వేసిన నడక వంతెన. తొమ్మిదిన్నర. పోటు నిండడానికి ఇంకా అరగంట పైనే ఉంది. అప్పటికే ముప్పై నలభై మంది ఫోన్లు పట్టుకుని గట్టు దగ్గర చేరారు. కుక్కలతో వచ్చినవాళ్ళు, మోకాళ్ళ దాకా బూట్లు తొడుక్కున్న ముసలావిడ, మూడు కాళ్ళ స్టాండు మీద కెమెరా బిగించిన కుర్రాడు. చొల్లంగి తీర్థం కాకపోయినా తీర్థమే.

ఇక్కడి సముద్రపు గోడ మూడు మైళ్ళ పొడవు, వందేళ్ళు దాటినది. దాని వెనక బురద మీద రాళ్ళూ చెత్తా పూడ్చిన నేల మీదే ట్రాములు, ఆఫీసులు, మేం దిగిన స్టేషనుతో సహా నిలబడి ఉన్నాయి. మామూలప్పుడు గట్టు మీంచి వంగి చూస్తే గాని నీళ్ళు కనిపించవని అల్లుడు చెప్పాడు. ఇప్పుడు వంగక్కర్లేదు. గట్టు అంచుకీ నీళ్ళకీ మధ్య బెత్తెడు ఉందేమో. నీళ్ళు ఉరకడం లేదు, అరవడం లేదు. పాలగిన్నె పొంగే ముందు అంచు దాకా వచ్చి ఆగినట్టు నిండుగా, నున్నగా, అడ్డంగా ఊగుతున్నాయి. అది చూస్తే అల చూసినప్పటి భయం వెయ్యదు. ఇంకో రకం భయం వేస్తుంది.

నేను ఫోను తీసి దంచేశాను. బే వంతెన మీద ఎండ, నీళ్ళలో వంతెన నీడ, ఎగిరే సీగల్సు, తెల్లటి ఓడ. నలభై ఫోటోలు. చిన్ని ఒక్కొక్కటే వేలితో జరుపుతూ చూసింది.

"తాతా, బ్యూటిఫుల్. కానీ ఏదీ పనికిరాదు."

"ఎందుకే?"

"వీటిలో వాటర్ ఎంత హైట్ ఉందో ఎలా తెలుస్తుంది? ఇది లో టైడ్ అని చెప్పినా నమ్ముతారు." ఇంకాస్త జరిపి, "లొకేషన్ కూడా ఆఫ్‌లో ఉంది" అంది.

ముప్పై ఏళ్ళు రిజిస్టర్లు రాసినవాణ్ణి. తారీఖు, వేళ, చోటు వెయ్యని చీటీ వస్తే విసిరికొట్టినవాణ్ణి. ఏడో తరగతి పిల్ల ముందు ఆ చీటీ నేనే అయ్యాను.

అప్పుడు నాకు మా పిన్నిగారిల్లు గుర్తొచ్చింది. 1996 నవంబరు తుపాను తరవాత తాళ్ళరేవు అవతల వాళ్ళూరు వెళితే, వీధి గదిలో తలుపు పక్కన గోడ మీద మా బాబాయి బొగ్గుతో గీత గీసి ఉంచాడు. కింద "ఇంతదాకా" అని ఒక్క మాట. వచ్చినవాళ్ళందరూ ఆ గీత పక్కన నిలబడి తమ ఎత్తు చూసుకునేవారు. నాకది రొమ్ము దాకా వచ్చింది. ఆ ఒక్క గీత చెప్పినంత, పేపర్లో పడ్డ ఫోటోలేవీ నాకు చెప్పలేదు. రెండేళ్ళ తరవాత వాళ్ళమ్మాయి పెళ్ళికి ఇల్లంతా సున్నం కొట్టించారు. గీత పోయింది. ఇప్పుడు ఎవర్నడిగినా ఒకరు నడుం దాకా అంటారు, ఇంకొకరు గుమ్మం పైదాకా అంటారు.

లొకేషన్ ఆన్ చేశాను. గట్టు చివర ఒక దీపస్తంభం, దాని పక్కన బెంచీ, వెనక ఫెర్రీ బిల్డింగు గడియారం, మూడూ ఒకే చట్రంలో పడేచోటు వెతికి, నా బూటు మడమ నేల పలకల అతుకు మీద సరిగ్గా పెట్టి నిలబడ్డాను. సాయంత్రం మళ్ళీ ఇక్కడికే రావాలి గదా. అల్లుడు నవ్వాడు గాని చిన్ని నవ్వలేదు. ఆ అతుకు పక్కన నలుపు తిరిగిన బబుల్‌గమ్ మచ్చ ఉందని తన పుస్తకంలో రాసుకుంది.

పది దగ్గర ఫెర్రీ ఒకటి కదిలింది. అది రేపిన అల నింపాదిగా వచ్చి గట్టెక్కి ఫుట్‌పాత్ మీద పరుచుకుంది. జనం కేకలేస్తూ వెనక్కి గెంతారు. నేను గెంతలేదు, ఎందుకంటే మడమ తీస్తే చోటు పోతుంది. బూట్లు, మేజోళ్ళు, పాంటు పిక్కల దాకా తడిసి ముద్దయ్యాయి. ఎలాగూ తడిశాను కదా అని వంగి నాలుగు చుక్కలు తలమీద చల్లుకున్నాను. "యక్, తాతా!" అంది చిన్ని. చొల్లంగి స్నానం అయిందనిపించాను.

స్టాండు కుర్రాడు అల్లుడితో మాట కలిపాడు. ఈ పోటు భూమి వేడెక్కడం వల్ల వచ్చింది కాదు, సూర్యచంద్రుల లెక్క, ఎప్పుడూ ఉన్నదే అని మొదలుపెట్టాడు. అది నాకు తెలుసు. తరవాత అన్నది కొత్త. మామూలు పెద్ద పోటు కన్నా ఇది ఒకటి రెండడుగులు ఎక్కువ. సముద్రమే ఆ మేరకు పెరిగిన రోజున ఇప్పటి కింగ్ టైడ్ అప్పటి మామూలు పోటు అవుతుంది. అంటే ఈవేళ మనం చూస్తున్నది రాబోయే కాలంలో ఒక సాదా మంగళవారం. కంప్యూటర్లు వేసిన ముంపు పటాలు సరిగ్గా ఉన్నాయా లేదా అని సరిచూసుకోవడానికి కూడా ఈ ఫోటోలు పనికొస్తాయట. పటంలో గోడ ఎత్తు ఉంటుంది గాని, గోడ వెనక మురుగు తూములోంచి నీళ్ళు తన్నుకురావడం ఉండకపోవచ్చు. గోల్డెన్ గేట్ వంతెన అవతల సాసలిటో దగ్గర మంజనీటా అనే చోట కార్లు ఆపే స్థలం ఉంది. అక్కడ ప్రతి కింగ్ టైడ్‌కీ ఎండ కాస్తుండగానే నీళ్ళు నిలుస్తాయని తన ఫోన్లో పాత బొమ్మలు చూపించాడు. వాన చుక్క లేదు, ఆకాశం నీలం, కారు చక్రాలు సగం దాకా నీళ్ళు.

పులిహోర తిని బస్సులో క్రిస్సీ ఫీల్డుకి వెళ్ళాం. గోల్డెన్ గేట్ వంతెన ఎదురుగా ఉంటుంది, చూసినవాళ్ళు చాలామంది రాశారు గనక వదిలేస్తాను. నేను చూడాలనుకున్నది అక్కడి పోటు కొలిచే యంత్రం. చిన్న రేవు మీద చిన్న గది, అంతే. పక్కనుంచి పరిగెత్తేవాళ్ళెవరూ దానికేసి చూడరు. శాన్‌ఫ్రాన్సిస్కోలో పోటు లెక్క 1854 జూన్ 30న మొదలైంది. చోటు ఒకటి రెండుసార్లు మారింది గాని లెక్క ఆగలేదు. 1906 భూకంపం వచ్చి ఊరంతా తగలబడిపోయినప్పుడు కూడా ఆగలేదు. పశ్చిమార్ధగోళంలో ఇంత పొడుగు లెక్క ఇంకోటి లేదు. మన దగ్గర సిపాయిల తిరుగుబాటుకి మూడేళ్ళ ముందు మొదలుపెట్టిన రిజిస్టరు ఇంకా నడుస్తోందన్నమాట. గుమాస్తాగా ఆ గదికి చేతులెత్తి దణ్ణం పెట్టాను.

ఆ రిజిస్టరు చెప్పేది, వందేళ్ళలో ఇక్కడ సముద్రం సుమారు 8 అంగుళాలు పెరిగిందని. అంటే జానెడు. కారణాలు రెండు పెద్దవి. వేడెక్కిన నీరు ఉబ్బడం ఒకటి, నేల మీది మంచు కరిగి సముద్రంలో చేరడం ఒకటి. అమెరికా ప్రభుత్వం తన సముద్ర, వాతావరణ సంస్థ నోవా చేత 2022లో వేయించిన అంచనాలో ఈ పశ్చిమ తీరానికి 2050 లోపల మరో 4 నుంచి 8 అంగుళాలు రాశారు. బెత్తెడు నుంచి జానెడు. పొద్దున గట్టు మీద మిగిలిన బెత్తెడు నేను కళ్ళారా చూశాను కాబట్టి ఆ అంకె చదవగానే ఒంట్లోకి దిగింది. లేకపోతే అంగుళాల లెక్క ఎవరి బుర్రకెక్కుతుంది?

నాలుగున్నరకి మళ్ళీ పియర్ 14. బబుల్‌గమ్ మచ్చ దొరికింది. అతుకు మీద మడమ పెట్టాను. అదే స్తంభం, అదే బెంచీ, అదే గడియారం. నీళ్ళే లేవు! అంటే ఉన్నాయి, కానీ వంగి చూడాల్సినంత కిందికి పోయాయి. పొద్దున కనిపించని గోడ ఎనిమిదడుగుల దాకా బయటపడింది. పైన పొడి సిమెంటు, దాని కింద పచ్చటి నాచు చార, ఇంకా కింద గోడకి కరుచుకున్న గుల్లలు, అడుగున బురద వాసన. మా కాకినాడ పోటుపాట్లకి నిలువెత్తు తేడా కూడా ఉండదు. ఇంత తేడా ఒకే పగట్లో నేనెప్పుడూ చూడలేదు. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చిన్నికి చూపిస్తే, "ఇప్పుడు ఓకే" అంది. నాకొచ్చిన సర్టిఫికెట్ అదొక్కటే.

రాత్రి మా అన్నయ్య కొడుక్కి వాట్సాప్‌లో రాశాను. "ఉప్పాడ రోడ్డుకి వెళ్ళి పోటు వేళకి ఒక ఫోటో తీసి పంపరా."

జనవరి 22, ఆదివారం. కాపిటోలా

పొద్దున లేచేసరికి ఉప్పాడ ఫోటో వచ్చి ఉంది. వాడి మొహం, వెనక సముద్రం, బొటనవేలు పైకి. నిన్న పొద్దుటి నేనే.

ఉప్పాడ సంగతి తెలియనివాళ్ళకి రెండు మాటలు. కాకినాడ బేకి హోప్ ఐలాండ్ అడ్డుగా ఉంది. ఉత్తరాన ఉప్పాడకి ఆ అడ్డు లేదు. సముద్రం ఊరిని ఏళ్ళ తరబడి కొరుక్కు తింటోంది. ఇసుక నింపిన పెద్ద పెద్ద జియోట్యూబులతో గోడ కట్టారు, అవి చిరిగాయి. రాళ్ళు పోశారు, అవి దొర్లాయి. తుపాను వచ్చినప్పుడల్లా బీచ్ రోడ్డు కోసుకుపోతుంది, మళ్ళీ వేస్తారు. జాందానీ చీర కొనడానికి వెళ్ళినవాళ్ళని అక్కడి పెద్దవాళ్ళు ఒడ్డుకి తీసుకెళ్ళి నీళ్ళలోకి చెయ్యి చూపించి, "అదిగో, అక్కడ మా గుడి ఉండేదండీ, ఆ అవతల మా వీధి" అంటారు. మనకి కనిపించేవి నీళ్ళే. ఎంత దూరం, ఏ సంవత్సరం అని అడిగితే మాటకి మాటకి పొంతన ఉండదు. వాళ్ళు అబద్ధాలాడటం లేదు. గీత ఎవరూ గియ్యలేదు, అంతే.

పదిహేడో నంబరు రోడ్డు మీద కొండలు దాటి శాంటాక్రూజ్ వైపు వెళ్ళాం. మలుపు మలుపుకీ కూలిన చెట్లు, జారిన మట్టి. మా అమ్మాయి కూడా వచ్చింది గనక కార్లో ఫోటోల మాట తక్కువ, చలికి నేను మఫ్లరు కట్టుకోలేదన్న మాట ఎక్కువ.

కాపిటోలా చిన్న ఊరు. సముద్రం అంచున గులాబీ, పసుపు, నీలం రంగుల ఇళ్ళ వరస, బొమ్మల కొలువులా ఉంటుంది. ఈ జనవరి 5న తుపాను అలలు ఆ ఇళ్ళ మీదికి, వాటి పక్కనున్న హోటళ్ళ మీదికి వచ్చి పడ్డాయి. మేం వెళ్ళేసరికి హోటళ్ళ కిటికీలకి చెక్కలు కొట్టి ఉన్నాయి. ఇసుక మీద నదులు మోసుకొచ్చిన చెట్ల మొద్దులు దొంతర్లుగా పడున్నాయి. 1857 నాటి రేవు వంతెన ఒకటుంది ఇక్కడ. అల దాని నడుం విరగ్గొట్టింది. ఒడ్డు వైపు ఒక ముక్క, సముద్రం వైపు ఒక ముక్క, మధ్య ఖాళీ. అవతలి ముక్క మీద చిన్న ఇల్లు ఒంటరిగా మిగిలింది, దాని మీద పక్షులు.

పోటు ఇక్కడ నిన్నటి మాదిరి నిండుగా, నింపాదిగా లేదు. అల వెనక అల వచ్చి గోడని కొట్టి తెల్లగా లేస్తోంది. జనవరి 5న కొట్టింది పోటు ఒక్కటే కాదు. పెద్ద అలలు, గాలి, పోటు వేళ మూడూ కలిసొచ్చాయి. పోటు మెట్టు ఎత్తు చేస్తుంది, తుపాను ఆ మెట్టెక్కి తన్నుతుంది. సముద్రం జానెడు పెరిగిందంటే ఆ మెట్టు ఎప్పటికీ జానెడు పెరిగినట్టే. ఈవేళ తుపాను లేదు గనక మెట్టు ఒక్కటే కనిపిస్తోంది. ఆ మాట మా అమ్మాయితో అంటే, "నాన్నా, గోడకి దూరంగా నిలబడి చెప్పు" అంది.

విరిగిన రేవు కింది కొయ్య స్తంభాలు చట్రంలో పెట్టి రెండు ఫోటోలు తీశాను. స్తంభాల్లో నీళ్ళు తాకుతున్న చోటు, మామూలుగా తాకే చోటు రంగు తేడాతో తెలుస్తున్నాయి. చిన్ని అడక్కముందే లొకేషన్ చూపించాను.

అక్కణ్ణించి కాస్త దూరంలో సీక్లిఫ్. అక్కడి వింత సిమెంటు ఓడ. ఎస్.ఎస్. పాలో ఆల్టో అని, మొదటి ప్రపంచయుద్ధం కోసమని ఇనుము కరువు రోజుల్లో సిమెంటుతో కట్టారు. 1919లో నీళ్ళలోకి దించేసరికి యుద్ధం అయిపోయింది. 1930లో ఇక్కడికి లాక్కొచ్చి రేవు వంతెన చివర నిలబెట్టి డాన్సు హాలు చేశారు. ఇప్పుడది విరిగి పక్షుల పాలైంది. ఈ తుపానుకి వంతెన కూడా సగం పోయింది. మొన్న గురువారమే అధ్యక్షుడు బైడెన్ వచ్చి చూసి వెళ్ళాడు. దగ్గరికి వెళ్ళనివ్వకపోతే గట్టు మీంచే చూశాం. చెట్ల మొద్దుల అవతల మేడమెట్లు ఒకటి రెండు గాల్లో వేలాడుతున్నాయి.

తిరుగు దారిలో శాంటాక్రూజ్ వెస్ట్ క్లిఫ్ రోడ్డు చూద్దామనుకున్నాం. అక్కడక్కడ రోడ్డు అంచు విరిగి సముద్రంలోకి పడి, అడ్డాలు పెట్టేశారు. మా అమ్మాయి చాలంది. ఇంటికొచ్చాం.

రాత్రి అన్నయ్య కొడుకుని తిట్టి మళ్ళీ రాశాను. "నీ మొహం నాకు తెలుసు. నీ పక్కన కదలనిది ఏదైనా పెట్టి తియ్యి. స్తంభమో, మైలు రాయో. ఏ తారీఖు, ఎన్ని గంటలు, ఎటు తిరిగి నిలబడ్డావో రాయి."

"ఎందుకు బాబాయ్, గవర్నమెంటుకా?"

"నాకు" అన్నాను. ఇంకేం చెప్పాలో తోచలేదు.

జనవరి 23, సోమవారం. ఆల్విసో

ప్రకటించిన తేదీలు నిన్నటితో అయిపోయాయి. కానీ పోటు తేదీ చూసుకుని తగ్గదు గదా. ఆఫీసుకి వెళ్తూ అల్లుడు నన్ను ఆల్విసోలో దింపాడు. శాన్‌హోసేకి ఉత్తరాన, బే దక్షిణపు కొసలో ఉంటుందీ ఊరు. ఒకవైపు గాజు మేడల కంపెనీలు, తెలుగు మాటలు వినిపించే కాంటీన్లు. రెండు మైళ్ళు వస్తే రెల్లు, బురద, కట్టలు, కొంగలు. కారు దిగగానే ముక్కుకి కోరంగి వాసన తగిలింది. మడ చెట్లు లేవు గాని బురద వాసన అదే.

ఈ చుట్టుపక్కల అంతా ఒకప్పటి ఉప్పు మడులు. ఇప్పుడు వాటిలో 15,000 ఎకరాల పైచిలుకు మళ్ళీ పోటు బురదనేలగా మార్చే పని ఏళ్ళుగా నడుస్తోంది. కట్టకి గండి కొట్టి నీళ్ళు రానిస్తారు, నీళ్ళు మట్టి తెచ్చి పోస్తాయి, మట్టి మీద గడ్డి మొలుస్తుంది, ఆ గడ్డి అలకి అడ్డుపడుతుంది. మా మడ అడవులు చేసే చాకిరీ ఇక్కడ గడ్డి చేస్తుంది.

బే ఈ కొసలో ఇరుకు కావడంతో పోటు గోల్డెన్ గేట్ దగ్గరికన్నా గంటకి పైగా ఆలస్యంగా వస్తుంది, రెండు మూడడుగులు ఎక్కువ కూడా ఎక్కుతుంది. పైగా నేల దిగింది. ఈ లోయలో తోటల కోసం, ఊళ్ళ కోసం బోర్లు వేసి వేసి నీళ్ళు తోడేస్తే శాన్‌హోసే నడిబొడ్డు 1969 లోపల 13 అడుగులు కుంగింది. ఆల్విసో అంత కుంగకపోయినా, సముద్రానికి దగ్గర గనక దెబ్బ దీనికే ఎక్కువ. బయటి నుంచి నీళ్ళు తెచ్చుకోవడం మొదలెట్టాక కుంగడం ఆగింది, దిగిన నేల మాత్రం లేవలేదు. 1983లో ఊరు మునిగింది. ఇప్పుడు కొత్త కట్ట పని జరుగుతోంది, నాలుగు మైళ్ళ పొడవట.

పన్నెండున్నర దాటింది. నేను కట్ట మీద ఉన్నాను. ఎడమవైపు నీళ్ళు, కుడివైపు ఊరి ఇళ్ళ కప్పులు. ఎడమవైపు నీళ్ళ మట్టం చూసి, తల తిప్పి కుడివైపు వీధి చూస్తే వీధే కింద ఉంది. ఒకావిడ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. నీళ్ళు ఆవిడ నెత్తి కన్నా ఎత్తులో ఉన్నాయేమోననిపించింది. కట్ట మీంచి అన్నీ అలాగే కనిపిస్తాయేమో, నా దగ్గర కొలబద్ద లేదు. అందుకని కట్ట, నీళ్ళు, అవతల ఇంటి చూరు మూడూ పడేలా అడ్డంగా ఒకటి తీశాను. మూడు రోజుల్లో నేను తీసిన వాటిలో నాకు నచ్చింది అదే. అందం ఏమీ లేదు. నడిమధ్యలో కరెంటు తీగ అడ్డొచ్చింది.

రైలొకటి ఈల వేసుకుంటూ మడుల మధ్యనుంచి పోయింది. కొంగలు లేవలేదు. ఫోటోల్లో ఎనిమిది ఏరి, వేళ, చోటు సరిచూసుకుని చిన్ని నేర్పినట్టు ఒక్కణ్ణే పంపించాను. చూపుడు వేలు రెండుసార్లు తప్పు చోట పడింది గాని మొత్తానికి వెళ్ళాయి.

సాయంత్రం మా ఆవిడా నేనూ టీ తాగుతుంటే ఫోను టింగుమంది. ఉప్పాడ. ఈసారి మనిషి లేడు. వంకర తిరిగిన రోడ్డంచు, దొర్లిన రాళ్ళు, వాటి మధ్య ఒక కరెంటు స్తంభం. స్తంభం మొదట్లో నురగ. స్తంభానికి ఆనించి వాడి మోటారు సైకిలు, ఎత్తు తెలియడానికట. కింద తారీఖు, ఎన్ని గంటలు, "కాకినాడ వైపు తిరిగి తీశాను" అని వివరాలు. స్తంభం మీద తెల్లగా పెద్ద అంకె, 7.

"ఏడేమిట్రా, కరెంటోళ్ళ నంబరా?" అని ఫోను చేశాను.

"వాళ్ళ నంబరు చెరిగిపోయింది బాబాయ్. మళ్ళీ వచ్చినప్పుడు గుర్తుండాలిగా, కాలవ దగ్గర్నుంచి లెక్కెట్టి నేనే రాశాను."

"దేంతో రాశావు?"

"సున్నంతో. టీ కొట్టు ఆయన దగ్గర ఉంటే తీసుకున్నా."

"ఎల్లుండి వెళ్ళి పెయింటుతో రాయి" అన్నాను. "డబ్బులు పంపిస్తాను."